కర్రకు బదులు ఫోను



మృగశిర కార్తె ప్రవేశించి నాలుగు వానలు పడ్డాయంటే హైదరాబాదులో పాముల కబుర్లు మొదలవుతాయి. మెట్ల కింద చెప్పుల గూట్లోంచి బుస వినబడిందని ఒకరు, కోళ్లగంప పక్కన చుట్ట చుట్టుకుని పడుకుందని ఇంకొకరు, బడి వంటగదిలో బియ్యం బస్తాల చాటుకు పోయిందని మరొకరు. వెనకటి రోజుల్లో అయితే ఇంట్లో మగవాళ్లు ముందు కర్ర వెతికేవాళ్లు. ఇప్పుడు చాలా కాలనీల్లో ఎవరో ఒకరు ఫోను తీస్తున్నారు. ఆ ఫోను ఎత్తేవాళ్లలో ఎక్కువమంది ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాలంటీర్లు. పాముల మీద ఇష్టం ఉన్న కొద్దిమంది కలిసి 1995లో హైదరాబాదులో పెట్టుకున్న సంఘం అది. ఈరోజు ఏటా వేల పాములను ఇళ్లలోంచి, గోదాముల్లోంచి, బావుల్లోంచి ప్రాణాలతో బయటికి తెస్తోంది.

ఇలాంటి సంఘాల గురించి మీతో మాట్లాడాలని వచ్చాను. పులిని కాపాడదామంటే దేశమంతా ఔనంటుంది. నెమలిని కాపాడదామంటే ఎవరూ కాదనరు. పామును, ఉడుమును, తాబేలును, కప్పను కాపాడదామంటే మాత్రం ముందు ఎదుటివాళ్ల మొహంలో భయమో అసహ్యమో దాటాలి. అది దాటడానికి వీళ్లు ఎంచుకున్న దారి నన్ను చాలాకాలంగా ఆకట్టుకుంటోంది.

ఫోను చేసిన ఇంటికి ఎవరొస్తారు? పగలు ఆఫీసులో పనిచేసే ఉద్యోగి కావచ్చు, డిగ్రీ చదివే అబ్బాయి కావచ్చు, అమ్మాయీ కావచ్చు. బైకు మీద వస్తారు. చేతిలో చివర వంపు తిరిగిన ఇనప కడ్డీ, ఒక గుడ్డ సంచి, ప్లాస్టిక్ గొట్టం ముక్క, టార్చిలైటు. సంచి మూతిని గొట్టానికి బిగించి పాము ముందు పెడతారు. బెదిరిన పాముకు చీకటి కలుగు కనిపిస్తే చాలు, తనంతట తానే దూరిపోతుంది. కడ్డీతో కాస్త దారి చూపడమే మనిషి పని. మెడ నొక్కి పట్టుకోవడం, తోక పట్టి ఊపడం, పడగకు ముద్దు పెట్టడం లాంటివి తెలిసిన వాలంటీరు చేయడు. పాము మెడ ఎముకలు సున్నితం. గట్టిగా నొక్కితే దానికి దెబ్బ తగులుతుంది, జారితే మనిషికి కాటు పడుతుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. సెల్‌ఫోన్ వీడియోల కోసం నాగుపాముతో ఆటలాడి ప్రాణాలు పోగొట్టుకుంటున్న కుర్రాళ్ల వార్తలు మన జిల్లాల్లో ఆగడం లేదు. వాళ్లకు ధైర్యానికి కొదవ లేదు. నేర్పే సంఘం లేదు, వద్దని చెప్పే పెద్ద లేడు. మంచి సంఘం కొత్తగా చేరినవాడిని నేరుగా నాగుపాము దగ్గరికి పంపదు. ముందు జాతులు గుర్తుపట్టడం నేర్పుతుంది, తర్వాత అనుభవం ఉన్నవాళ్ల వెనక నిలబెడుతుంది, విషం లేని పాములతో మొదలుపెట్టిస్తుంది. చప్పట్లు కోరుకునేవాడిని పక్కన పెడుతుంది. నన్నడిగితే సంఘం అవసరమే ఇది. ఇష్టం ఒంటరిగా ఉంటే సాహసంగా మారుతుంది. పదిమందిలో ఉంటే పద్ధతి నేర్చుకుంటుంది.

పామును సంచిలోకి పంపడానికి పది నిమిషాలు పట్టొచ్చు. ఆ తర్వాత అరగంట వాకిట్లో జరిగేదే అసలు పని. జనం చుట్టూ మూగుతారు. "అన్నా, దీని జోడు ఇంకోటి ఇంట్లనే ఉంటదంట గదా?" అని అడుగుతారు. "పగబట్టి మళ్లొస్తదా అన్నా?" అంటారు. అప్పుడు ఆ కుర్రాడు ఓపిగ్గా చెబుతాడు. పాముకు పగ పట్టేంత జ్ఞాపకం లేదమ్మా, జంటగా కాపురం చేసే అలవాటూ లేదు, ఎలుక కోసం వచ్చింది, మెట్ల కింద ఆ కట్టెలు తీసేయండి, కోడిగుడ్లు రాత్రిపూట బయట ఉంచకండి, డ్రైనేజీ కన్నానికి జాలీ వేయించండి. ఆ ఇంట్లో వాళ్లకు ఆ క్షణంలో ఉన్నంత శ్రద్ధ ఏ తరగతి గదిలోనూ ఉండదు. ఆ వీధిలో మళ్లీ ఎప్పుడైనా పాము కనిపిస్తే కర్ర లేస్తుందా, ఫోను లేస్తుందా అన్నది ఆ అరగంటే తేలుస్తుంది.

హైదరాబాదులో దొరికే పాముల్లో నాగుపాముల వాటా చాలా పెద్దది. కారణం కష్టమైనదేమీ కాదు. ఈ నగరం బండలగుట్టల మీద, చెరువుల ఒడ్డున పెరిగింది. గుట్టలు పగలగొట్టి లేఅవుట్లు వేశాం, చెరువు శిఖాల్లో ఇళ్లు కట్టాం. పాములు ఉన్నచోటనే ఉన్నాయి, మనమే వాటి మధ్యకు వెళ్లాం. చెత్తకుప్పలున్నచోట ఎలుకలు, ఎలుకలున్నచోట నాగుపాము, జెర్రిపోతు. పాపం, జెర్రిపోతుకు విషమే లేదు. రైతుకు దానంత మేలు చేసే జీవి పొలంలో ఇంకొకటి ఉంటుందా అంటే ఆలోచించాలి. అయినా పొడుగు చూసి, వేగం చూసి జడిసి చంపేస్తారు.

పట్టిన పామును ఏం చేస్తారు? అటవీశాఖకు తెలియజేసి అడవిలో వదులుతారు. మొన్నమొన్నటిదాకా అందరం అనుకున్నది ఒకటే: ఎంత దూరం అడవిలో వదిలితే అంత మంచిది. కర్ణాటకలోని ఆగుంబెలో 2008 నుంచి రాచనాగులకు రేడియో ట్రాన్స్‌మిటర్లు అమర్చి వెంబడి తిరిగిన పరిశోధకులు ఈ ఆలోచనను కదిలించారు. తన చోటు నుంచి దూరంగా తెచ్చి వదిలిన పాము దిక్కు తెలియక, సొంత చోటున ఉన్న పాము తిరిగే మేరకు ఎన్నో రెట్లు తిరిగింది. ఎక్కడ నీరుందో, ఎక్కడ దాక్కోవాలో తెలియని పాము రోడ్లు దాటుతుంది, కొత్త ఊళ్లలోకి వెళుతుంది, దెబ్బలు తింటుంది. అంటే మనం కాపాడామనుకున్నది కాపాడినట్టు కాకపోవచ్చు. వీలైనంత దగ్గరలోనే, అదే నేలలో వదలాలన్నది ఇప్పుడు నిపుణులు చెప్పే మాట. మహానగరం నడిబొడ్డున దొరికిన నాగుపాముకు దగ్గరలో నేల ఎక్కడుంది? ఈ ప్రశ్నకు సంఘాల దగ్గర సులువైన జవాబు లేదు. ఊళ్లలో మాత్రం ఉంది. చేను గట్టు మీద కనిపించిన జెర్రిపోతును ఆ గట్టునే వదిలేయమని రైతును ఒప్పించగలిగితే, సంచీ అక్కర్లేదు, బండీ అక్కర్లేదు.

అలా ఒప్పించడంలో అసలు పరీక్ష ఉత్తరాంధ్రలో జరుగుతోంది. అనకాపల్లి జిల్లాలో మాడుగుల, చోడవరం వైపు వాళ్లకు గిరినాగు, అంటే ఆ రాచనాగు గురించి వేరే చెప్పక్కర్లేదు. పన్నెండు అడుగుల పాము. కోపం వస్తే మూడోవంతు శరీరం పైకెత్తి మనిషి నడుము ఎత్తున నిలబడుతుంది. జీడితోటలో, పామాయిల్ తోటలో పనికి వెళ్లినవాళ్లకు ఎదురైతే గుండె ఆగినంత పని. మన దేశంలో తయారయ్యే విషం విరుగుడు మందు దీని కాటు కోసం చేసింది కూడా కాదు. అందుకే కనిపించగానే చంపేవాళ్లు.

తూర్పు కనుమల వన్యప్రాణి సంఘం, అంటే ఈస్టర్న్ ఘాట్స్ వైల్డ్‌లైఫ్ సొసైటీ, ఆ ప్రాంతంలో పని మొదలుపెట్టింది. ఊరి కుర్రాళ్లకు, అటవీ సిబ్బందికి శిక్షణ ఇచ్చింది. వాళ్లు ఊళ్లలో ముందు చెప్పేది గిరినాగు ఆహారం గురించి. అది తినేది ఎక్కువగా పాములనే. జెర్రిపోతులను తింటుంది, నాగుపాములను తింటుంది. దాని విషానికి భయపడే ఊరికి ఈ ఒక్క విషయం బాగా పనిచేస్తుంది.

ఇంకో విషయం ఉంది, అది విన్నవాళ్లలో ఆడవాళ్ల మొహాలు మెత్తబడతాయి. పాములన్నిటిలోకీ గూడు కట్టేది గిరినాగు ఒక్కటే. చేతులు లేవు, కాళ్లు లేవు. తల్లి తన ఒంటి చుట్టలతోనే రాలిన ఆకులను పోగుచేసి కుప్పవేస్తుంది. ఎండాకాలంలో అందులో గుడ్లు పెట్టి, పైన ఆకులు కప్పి, తిండి మానేసి వారాల తరబడి కాపలా ఉంటుంది. ఆకులు కుళ్లే వేడికి గుడ్లు పొదుగుతాయి. వాన నీరు లోపలికి దిగదు. పిల్లలు బయటికి వచ్చే రోజు దగ్గర పడగానే తల్లి వెళ్లిపోతుంది. పాములను తినే జాతి కదా, పుట్టిన పిల్లల దగ్గర ఉండకపోవడమే వాటికి క్షేమం. తోటలో ఇలాంటి ఆకుకుప్ప కనిపిస్తే తగలబెట్టేవాళ్లు. ఇప్పుడు సమాచారం ఇస్తున్న రైతులు ఉన్నారు. ఆ మేర మనుషులు వెళ్లకుండా చూసుకుంటే, ఆ తోటను కొన్ని వారాలు పాముకు వదిలేస్తే, పిల్లలు అడవి దారి పడతాయి. సొంత తోటలో గిరినాగు పిల్లలు పొదిగేదాకా ఆగిన రైతు నాకు ఏ శాస్త్రవేత్తకూ తక్కువగా కనిపించడు.

గిరినాగును ఇన్నాళ్లూ ఒకే జాతి అనుకున్నారు. 2024లో పరిశోధకులు దాన్ని నాలుగు జాతులుగా విడదీశారు. మన తూర్పు కనుమలది ఒక జాతి, పడమటి కనుమలది వేరు. ఇన్నేళ్లు ఊరివాళ్ల కళ్ల ముందే తిరిగిన జీవి గురించి ఇప్పటికీ కొత్త సంగతులు బయటపడుతున్నాయి.

మన తీరానికి పాముల శాస్త్రంతో పాత బంధమే ఉంది. పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లాండ్ వైద్యుడు ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉంటూ విశాఖపట్నంలో గడిపాడు. ఏ పాము కరిస్తే ప్రమాదం, ఏది కరిస్తే కాదు అని తేల్చాలని పాములు సేకరించి, కోరమండల్ తీరపు పాముల మీద పుస్తకం రాశాడు. 1796లో అది లండన్‌లో అచ్చయింది. ఇక్కడివాళ్లు చెప్పిన తెలుగు పేర్లనే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. మన రక్తపింజరను ప్రపంచం ఇప్పుడు ఆయన పేరుతో పిలుస్తోంది. ఆయనకు ఆ పాములను పట్టి తెచ్చినవాళ్లు మాత్రం చరిత్రలో కనిపించరు. అలా పాములు పట్టేవాళ్ల దగ్గరికి మళ్లీ వస్తాను.

అంతకు ముందు పాములు కాని వాటి సంగతి. తిరుమల కొండల్లో బంగారు బల్లి ఉంది. 1870లో బెడ్డోమ్ అనే అటవీ అధికారి దాన్ని లోకానికి చెప్పాడు. తర్వాత వందేళ్లకు పైగా అది శాస్త్రవేత్తల కంట పడలేదు. 1986లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు తూర్పు కనుమల్లో మళ్లీ దొరికిందని ప్రకటించారు. నీడపట్టున, తేమగా ఉండే రాతి పగుళ్లలో ఉంటుంది. లక్షలాదిమంది నడిచే కొండ మీదే దాని కాపురం. ఇక రాయలసీమ ముళ్లపొదల్లో తిరిగే నక్షత్ర తాబేలు, అదృష్టం తెస్తుందన్న నమ్మకానికి బలై సూట్‌కేసుల్లో దేశాలు దాటుతోంది. 2019లో దాని అంతర్జాతీయ వ్యాపారాన్ని పూర్తిగా నిషేధించారు. రెండు తలల పాముకు లక్షల ధర ఉందని నమ్మి డబ్బులు పోగొట్టుకున్నవాళ్ల కేసులు మన పోలీసు స్టేషన్లలో ఎన్నో. దానికి ఉండేది ఒక్క తలే. తోక మొద్దుగా ఉంటుంది, అంతే. ఇంట్లో పెట్టుకున్నా, అమ్మినా, కొన్నా జైలే.

కప్పల మాటకు వస్తే, వాటికి మన దగ్గర సంఘాలు లేవనే చెప్పాలి. ఇంగ్లండులో 1947లోనే బ్రిటిష్ హెర్పెటలాజికల్ సొసైటీ పుట్టింది. అక్కడ వసంతంలో చెరువులకు వెళ్లే గోండ్రుకప్పలు కార్ల కింద పడకుండా వాలంటీర్లు రాత్రిపూట బకెట్లలో ఎత్తి రోడ్డు దాటిస్తారు. మనకు ఆపాటి ప్రేమ లేకపోలేదు. వానలు పడకపోతే రోకలికి కప్పను కట్టి, కప్పతల్లి ఆడుతూ ఇంటింటికీ తిరిగి నీళ్లు పోయించిన ఊళ్లు మనవే. అదే సమయంలో కప్పకాళ్లు టన్నులకొద్దీ విదేశాలకు ఎగుమతి చేసింది కూడా మన దేశమే. 1987లో ఆ ఎగుమతి ఆగింది. ఇప్పుడు ప్రపంచంలో ఉభయచరాల్లో నూటికి 41 జాతులు ముప్పులో ఉన్నాయని 2023లో వెలువడిన అంచనా. తొలి వానకు ఒళ్లంతా పసుపు రంగు తిరిగి, గుంటల్లో అరిచే బోదురు కప్పలు మీ ఊళ్లో ఇంకా ఉన్నాయా? ఉంటే ఏ గుంటలో, ఏ నెలలో అన్నది బడి పిల్లలు రాసిపెట్టినా అది పనికొచ్చే పరిశోధనే.

నాగుల పంచమి సంగతి కూడా చెప్పాలి. పాము పాలు తాగదు. పండగకు ముందు కొన్ని వారాల పాటు నీళ్లు కూడా ఇవ్వకుండా ఎండబెడితే, దాహానికి పాలైనా మింగుతుంది, తర్వాత చనిపోతుంది. బుట్టల్లో తెచ్చిన నాగుపాములకు కోరలు పీకి ఉంటాయి, కొన్నిటికి నోరు కుట్టి ఉంటుంది. ప్రతి ఏటా ఆ రోజు హైదరాబాదులో వాలంటీర్లు అటవీశాఖతో కలిసి వాటిని స్వాధీనం చేసుకుని వైద్యం చేస్తారు. అందులో అన్నీ బతకవు. భక్తితో పాలు పోసేవాళ్లను నేను తప్పుపట్టను. ఆ భక్తి పుట్ట దగ్గర దండం పెట్టుకోవడంతో ఆగితే పాముకు ఏ కష్టమూ లేదు.

ఇప్పుడు మనుషుల ప్రాణాల గురించి. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వెలువడిన అధ్యయనం లెక్కగట్టింది. ఏడాదికి 58 వేలు. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. పోయినవాళ్లలో ఎక్కువమంది పల్లెల్లో, ఇళ్ల దగ్గరే, వానాకాలంలో. వరి మడిలో రక్తపింజర, నేల మీద పడుకున్నవాళ్లకు కట్లపాము. కట్లపాము కాటు నొప్పి కూడా తెలియదు, గాటు కనిపించదు, తెల్లారేసరికి ఊపిరి అందదు. మంచం మీద దోమతెర కట్టుకుని పడుకోవడం, రాత్రి టార్చి లేకుండా అడుగు వేయకపోవడం, పొలంలో కాళ్లకు బూట్లు. వీటితో ఆగే చావులు ఎన్నో. కాటు పడితే తాడుతో బిగించి కట్టకండి, కోయకండి, నోటితో పీల్చకండి. కరిచిన చేయినో కాలినో కదలనివ్వకుండా నేరుగా ఆస్పత్రికి తీసుకెళ్లండి. మంత్రం వేయించడానికి వెళ్లిన గంట మళ్లీ రాదు. వాలంటీర్లు ప్రతి ఇంటి వాకిట్లో ఇదీ చెబుతారు. అందుకే పాములను కాపాడేవాళ్లను మనుషులను పట్టించుకోనివాళ్లుగా చూస్తే నాకు బాధగా ఉంటుంది.

ఆస్పత్రిలో ఎక్కించే మందు ఎక్కడిది? పాము విషాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకు ఎక్కించి, వాటి రక్తంలో పుట్టిన విరుగుడును శుద్ధి చేసి తయారుచేస్తారు. ఆ విషం చాలావరకు తమిళనాడులోని ఇరుళర్ల సహకార సంఘం నుంచి వస్తుంది. ఇరుళర్లు పాములు పట్టడంలో తరతరాలుగా ఆరితేరినవాళ్లు. తోళ్ల వ్యాపారం నడిచినంతకాలం పాములను పట్టి తోళ్లు అమ్మి బతికారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చి, తర్వాత ఎగుమతులు ఆగిపోయాక వాళ్ల బతుకు తెరువు పోయింది. మద్రాసులో స్నేక్ పార్క్ పెట్టిన రోములస్ విటేకర్ వాళ్లతో కలిసి 1978లో సహకార సంఘం పెట్టించారు. పట్టిన పామును కొన్ని వారాలు కుండలో ఉంచి, నాలుగు సార్లు విషం తీసి, పొట్ట పొలుసు మీద చిన్న గుర్తు పెట్టి, తిరిగి వదిలేస్తారు. చంపి తోలు అమ్మిన చేతులే ఇప్పుడు ప్రాణాలు నిలిపే మందుకు మూలం. 2023లో ఆ సంఘం నుంచి వడివేల్ గోపాల్, మాసి సడైయన్ పద్మశ్రీ అందుకున్నారు.

ఇందులో ఒక లోటు ఉంది. ఒకే జాతి పాముకు కూడా ప్రాంతాన్ని బట్టి విషం మారుతుంది. తమిళనాడులోని కొన్ని జిల్లాల పాముల విషంతో చేసిన మందు దేశంలో అన్ని చోట్లా ఒకే రకంగా పనిచేయడం లేదని బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ పరిశోధకులు చూపించారు. పాముకాటు మరణాలను 2030కి సగానికి తగ్గించాలని కేంద్రం 2024లో కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. అది నెరవేరాలంటే ఎక్కడి పాముల విషాన్ని అక్కడే సేకరించే కేంద్రాలు కావాలి.

మనకు ఆ పని తెలిసినవాళ్లు లేరా? ఉన్నారు. నెల్లూరు, తిరుపతి, ప్రకాశం జిల్లాల్లో యానాదులు ఉన్నారు. ఎలుక కలుగు చూసి లోపల ఎలుక ఉందో పాముందో చెప్పగల జ్ఞానం వాళ్లది. వరిచేలల్లో ఎలుకలు పట్టి రైతుల పంటను నిలిపినవాళ్లు. గుర్రాల నుంచి విరుగుడు తీసే పరిశ్రమ తెలంగాణలోనే ఉంది. పాములను నొప్పించకుండా పట్టడం, గుర్తుపట్టడం, లెక్కలు రాయడం తెలిసిన సంఘాలు హైదరాబాదులోనూ ఉత్తరాంధ్రలోనూ ఉన్నాయి. ఈ ముగ్గురినీ ఒక చోట కూర్చోబెట్టి, యానాదుల పేరు మీదే, వాళ్ల యాజమాన్యంలోనే ఒక విష సేకరణ సహకార సంఘం పెట్టించమని రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలనూ ఈ రేడియో ద్వారా అడుగుతున్నాను. అటవీశాఖ అనుమతి, జీతాలు, బీమా, దగ్గరలో మందు సిద్ధంగా ఉన్న ఆస్పత్రి, వీటితో మొదలుపెట్టవచ్చు.